పెద్దల్లుడి ముక్కు

ముక్కు మేస్త్రికి పెళ్ళి కుదిర్చింది అతని ముక్కే. వేళాకోళానికి అంటున్న మాట కాదు, అత్తవారింట్లో ఎవరినడిగినా ఇదే చెబుతారు. అప్పట్లో అతను ఎవరిదో షెడ్డులో పనిచేస్తున్నాడు. ఒకరోజు ఒక బస్సు డ్రైవరు తన సొంత కారు తీసుకొచ్చి, బండి లాగడం లేదని సణుగుతూ నిలబడ్డాడు. ఇతను బానెట్ ఎత్తలేదు. వెనక్కి వెళ్ళి సైలెన్సర్ దగ్గర గొంతుకూర్చుని, కళ్ళు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చాడు.

"పొగ తియ్యగా వస్తోందండీ. రేడియేటర్లో పోసే కూలెంట్ ఇంజన్లోకి దిగుతోంది. గాస్కెట్ పోయింది," అన్నాడు.

విప్పి చూస్తే అదే. బస్సు డ్రైవరు ముక్కున వేలేసుకోవడమే కాకుండా, కులం గోత్రం కనుక్కుని తన పెద్ద కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు. "కొందరు ఆస్తి చూసి పిల్లనిస్తారు, కొందరు చదువు చూసి ఇస్తారు. నేను ముక్కు చూసి ఇచ్చాను," అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది. అత్తవారింట్లో అతను "ముక్కు", వీధిలో "ముక్కు మేస్త్రి". తరువాత సొంత షెడ్డు పెట్టుకున్నప్పుడు బోర్డు మీద కూడా అదే రాయించుకున్నాడు. క్లచ్ కాలుతోందో, బెల్టు రాసుకుంటోందో, ఏ మూల వైరు కరుగుతోందో వాసన పట్టి చెప్పేవాడు. నలుగురూ చుట్టూ నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తుంటే అతనికి లోలోపల మహా సంబరంగా ఉండేది.

అలాంటి ముక్కు ఒక పాడు జ్వరంతో పోయింది. జ్వరం తగ్గింది, నీరసం తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. డాక్టరమ్మ రావచ్చు, రాకపోవచ్చు అంది. అతను ఆ మాట కడుపులోనే దాచుకున్నాడు. ముక్కు పోయిందని తెలిస్తే ముక్కు మేస్త్రి దగ్గరికి ఎవడొస్తాడు? అంతకంటే పెద్ద భయం మామగారు. ఏ ముక్కు చూసి పిల్లనిచ్చాడో ఆ ముక్కే లేదని తెలిస్తే ఆయన మొహం ఎలా మారుతుందో ఊహించుకుంటేనే అతనికి ముద్ద దిగేది కాదు.

కాబట్టి నటన మొదలుపెట్టాడు. మునుపటిలాగే సైలెన్సర్ దగ్గర గొంతుకూర్చునేవాడు, కళ్ళు మూసుకునేవాడు, గట్టిగా పీల్చేవాడు. ఏమీ తెలిసేది కాదు. ఆ తరువాత ప్లగ్గుల రంగు చూసి, ఇంజన్ చప్పుడు విని, ఇన్నేళ్ళ అనుభవం కొద్దీ ఏదో ఒకటి తేల్చేవాడు. చాలావరకు నెట్టుకొచ్చాడు కూడా. ఇంట్లో పాలు అడుగంటినా, కూర మాడినా నోరు మెదపకుండా తినేవాడు. అంతకుముందు చిటికెడు మాడితే కంచం తోసేసే మనిషి. ఇన్నాళ్ళకి మొగుడికి బుద్ధొచ్చిందని భార్య మురిసిపోయింది. ఆ మాట పుట్టింటికి ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఈ సంగతులిలా ఉండగా తోడల్లుడు షెడ్డు పెట్టాడు.

తోడల్లుడంటే మరదలి మొగుడు, ఆ ఇంటి చిన్నల్లుడు. కొన్నాళ్ళు ఏదో కంపెనీ సర్వీసు సెంటర్లో పనిచేసి, బయటికొచ్చి, నాలుగు వీధుల అవతల సొంతంగా మొదలుపెట్టాడు. నేల మీద తెల్లటి పలకలు పరిపించాడు. మెకానిక్ షెడ్డులో తెల్లటి పలకలు! ముక్కు మేస్త్రి షెడ్డులో నేల ఏ రంగులో ఉండేదో అతనికే గుర్తులేదు. అక్కడ పానాలన్నీ గోడ మీద వరసగా వేలాడుతుంటాయి. ఒక స్కానర్ ఉంది, దాన్ని కారుకి తగిలిస్తే జబ్బేమిటో తెర మీద రాసి చూపిస్తుంది. అన్నిటికీ మించి ఒక పొగ మిషను ఉంది.

దాని గురించి చిన్నల్లుడు ఒక ఆదివారం అత్తవారింట్లో భోజనాల దగ్గర చెప్పాడు. "గొట్టాల్లోకి తెల్ల పొగ పంపిస్తాం మామయ్యా. ఎక్కడ సందుంటే అక్కణ్ణుంచి పొగ బయటికొస్తుంది. ఇక వెతుక్కునే పని లేదు."

"మనింట్లో ముక్కుండగా పొగెందుకయ్యా," అన్నాడు మామగారు.

అందరూ నవ్వారు. ముక్కు మేస్త్రి నవ్వలేదు, కానీ ఆ మాటకి అతని ఛాతీ కాస్త పొంగింది. తీరా చూస్తే చిన్నల్లుడు కూడా హాయిగా నవ్వుతున్నాడు. పైగా, "అదీ నిజమే, అన్నయ్య ముక్కు ముందు ఏ మిషనైనా దిగదుడుపే," అన్నాడు. దాంతో ముక్కు మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. అవతలివాడు ఉడుక్కుంటే కదా గెలిచిన తృప్తి. వీడు ఉడుక్కోడు. వంగి వంగి అన్నయ్యా అంటాడు, మీరు అంటాడు, పండుటాకులాంటి అత్తగారి మందులు తనే తెచ్చిపెడతాడు. మనిషి ఏ కొంచెం చెడ్డవాడైనా ముక్కు మేస్త్రికి ఎంత సుఖంగా ఉండేదో. ఆ రోజు అత్తగారు పెరుగు ముందు చిన్నల్లుడికి వడ్డించింది. వారం రోజుల పాటు అతను ఆ పెరుగు మరిచిపోలేదు.

ఆ తరువాతే మామగారి కారులో పసుపు లైటు వెలిగింది. స్టీరింగ్ వెనక ఇంజన్ బొమ్మతో వెలిగే చెక్ ఇంజన్ లైటు. మామగారు దాన్ని పెద్దల్లుడి షెడ్డుకే తెచ్చాడు, అది మామూలే. ముక్కు మేస్త్రి దగ్గరున్న చిన్న కోడ్ రీడర్ పెట్టి చూస్తే పెట్రోలు ఆవిరి ఎక్కడో బయటికి పోతోందని చూపించింది. ట్యాంకులో లేచే ఆవిరిని గాలిలో కలవనివ్వకుండా ఒక బొగ్గు డబ్బాలో పట్టి ఉంచి, తరువాత ఇంజన్లోకి పంపి తగలబెట్టే ఏర్పాటు కారులో ఉంటుంది. ఆ దారిలో ఎక్కడ సందు పడినా కారులోని కంప్యూటర్ పసిగట్టి లైటు వెలిగిస్తుంది. సందు ఎక్కడుందో మాత్రం చెప్పదు. అది కనిపెట్టడమే మేస్త్రి పని.

ఒకప్పుడైతే కారు చుట్టూ ఒక్కసారి తిరిగి చెప్పేసేవాడు. ఇప్పుడు తిరిగాడు, వంగాడు, పీల్చాడు. గోడని వాసన చూసినా అంతే.

అత్తగారు వెనక సీట్లోంచి దిగుతూ, "ఈ మధ్య కారెక్కితే తలనొప్పిగా ఉంటోంది అల్లుడూ. పెట్రోలు వాసనేమైనా వస్తోందా?" అని అడిగింది.

అతను వెనక డోరు తీసి తల లోపలికి పెట్టాడు. అందరూ చూస్తున్నారు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు.

"వాసనేమీ లేదత్తయ్యా. చుక్క లీకు లేదు. ట్యాంకు మూత వదులైంది, అంతే," అన్నాడు.

కొత్త మూత వేసి, లైటు ఆర్పేసి పంపించాడు. కొన్నాళ్ళు లైటు రాలేదు. ముక్కు మేస్త్రి మీసం మెలేశాడు. మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంజన్ దగ్గరుండే వాల్వు మార్చాడు. లైటు ఆరింది, కొన్నాళ్ళకి మళ్ళీ వెలిగింది. సైలెన్సర్‌కుండే సెన్సర్ మార్చాడు. అంతే సంగతులు. వచ్చిన ప్రతిసారీ అత్తగారు అదే ప్రశ్న అడిగేది, ఇతను అదే జవాబు చెప్పేవాడు. నాలుగోసారికి ఆమె అడగడం మానేసింది. పెద్దల్లుడి ముక్కుకి తెలియని వాసన తన ముక్కుకెలా తెలుస్తుంది? తన ముక్కే చెడిపోయిందని తీర్మానించుకుని చుక్కల మందు వేసుకోవడం మొదలుపెట్టింది. మామగారికీ ఆ వాసన వస్తూనే ఉంది. ఆయన అద్దం దించుకుని డ్రైవ్ చేసేవాడే తప్ప నోరెత్తలేదు. ఇంటిల్లిపాదీ తమ ముక్కుల్ని పక్కన పెట్టి అతని ముక్కుని నమ్మారు.

"పోనీ ఒకసారి మా చెల్లెలి మొగుడికి చూపించకూడదా? ఆ పొగ మిషనుందిగా," అంది భార్య.

"వాడి షెడ్డులో అడుగుపెట్టి అడుక్కోమంటావా?"

"ఇందులో అడుక్కోవడమేముందండీ. ఇంటి మనిషే కదా."

"మీ ఇంటి మనిషి. నేనెవర్ని, బయటివాణ్ణా?"

ఆ పూట ఇద్దరూ మాట్లాడుకోలేదు. కూర మాడిందో లేదో అతనికి తెలియదు, ఆమె చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం విడిభాగాల కొట్టుకి వెళ్ళి వస్తూ, ఎందుకైనా మంచిదని తోడల్లుడి షెడ్డున్న వీధిలోంచి వచ్చాడు. ఎందుకైనా అంటే ఇంకెందుకూ కాదు, అక్కడెన్ని బండ్లున్నాయో లెక్కపెట్టుకోవడానికి. ఆ దారిలో అతను తరచుగానే వస్తుంటాడు. తెల్లటి పలకల మీద మామగారి కారు నిలబడి ఉంది. రోడ్డుకి ఇవతల ఆగి ఉన్న వ్యాను చాటుకి వెళ్ళి తొంగి చూశాడు.

మామగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అత్తగారికి కుర్చీ వేశారు. చిన్నల్లుడు కారు వెనక డోరు తీసి లోపలికి వంగాడు, వెంటనే తల వెనక్కి లాక్కుని ముక్కు రుద్దుకున్నాడు. అత్తగారు ఏదో చెప్పింది. అతను ఆమె వంక చూశాడు, కారు వంక చూశాడు, తరువాత ఫోన్ తీశాడు. ముక్కు మేస్త్రి జేబులో ఫోన్ మోగింది.

అంత పెద్దగా మోగే ఫోన్ పెట్టుకున్నందుకు తనని తాను తిట్టుకుంటూ వ్యాను వెనక ఇంకా కిందికి వంగి ఎత్తాడు.

"అన్నయ్యా, మామయ్య కారు నా దగ్గరికొచ్చింది. మిమ్మల్ని అడక్కుండా చెయ్యి వెయ్యడం నాకు బాగుండదు. ఒకసారి రాగలరా?"

"నాకు బోలెడు పనుంది. చూస్తాను," అన్నాడు ముక్కు మేస్త్రి. తన గొంతు ఇటునుంచి కూడా వాళ్ళకి వినిపిస్తుందేమోనని గుసగుసగా అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఇరకాటంలో పడ్డాడు. వెంటనే వెళ్తే చాటుగా చూస్తున్నాడని తెలిసిపోతుంది. వెళ్ళకపోతే వాడొక్కడే పేరు కొట్టేస్తాడు. చివరికి సందులన్నీ చుట్టబెట్టి, చెమటలు కక్కుకుంటూ వీధి రెండో చివర నుంచి షెడ్డులోకి నడిచాడు.

"నేను చెప్పానుగా, ముక్కొస్తాడని," అన్నాడు మామగారు. ఆయన మొహంలో కాస్త సిగ్గు కనిపించింది. "ఏమీ అనుకోకు అల్లుడూ. దారిలో కదాని ఆగాను. ఏదీ, ఒకసారి నీ ముక్కుతో చూసి చెప్పు. ఆ తరువాత మీ తోడల్లుడు పొగ పెట్టుకుంటాడు."

ముక్కు మేస్త్రి కారు వెనక్కి వెళ్ళాడు. పలకల మీద మోకాలేసి, చక్రం పక్కనుంచి చెయ్యి లోపలికి పెట్టి, తల వంచి, కళ్ళు మూసుకున్నాడు. నిజం చెప్పుకోవాలంటే ఆ క్షణంలో అతనికి లైటు మీద ధ్యాస లేదు, కారు మీద లేదు. పెట్రోలు లీకని తేలితే పొగ మిషను గెలుస్తుంది. అది జరగకూడదు. అతని ధ్యాసంతా దాని మీదే ఉంది.

లేచి నిలబడి, "పెట్రోలు కానే కాదు. వైరింగ్‌లో లోపం," అన్నాడు.

అతను చెయ్యి దించేసరికి చొక్కా మోచేతి దాకా తడిసి ఉంది. పలకల మీద చుక్కలు పడుతున్నాయి. చేతికి చల్లగా తగిలేదాకా అతనికి తెలియలేదు. అది పెట్రోలే.

అందరికంటే ముందు చిన్నల్లుడు కదిలాడు. "అన్నయ్య వైరింగ్ కూడా చూడాలంటున్నారు మామయ్యా, కాస్త టైము పడుతుంది. మీరిద్దరూ లోపల ఫ్యాను కింద కూర్చోండి," అంటూ వాళ్ళని గదిలోకి పంపి, తలుపు దగ్గరగా వేసొచ్చాడు. ఒక గుడ్డ తెచ్చి ముక్కు మేస్త్రి చేతికిచ్చాడు.

"ఎప్పట్నుంచి అన్నయ్యా?" అన్నాడు మెల్లగా.

"ఏది?"

"వాసన. ఎప్పట్నుంచి తెలియడం లేదు?"

ముక్కు మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. లోకంలో ఇంతమంది ఉండగా వీడికి తెలియాలా?

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. డోరు తియ్యగానే నాకు తల తిరిగింది. అత్తయ్యేమో, పెద్దల్లుడు వాసన లేదన్నాడు, నా ముక్కే బాగోలేదు అంటోంది. మీకు తెలియని వాసనా అది? అప్పుడే అనుమానమొచ్చి మీకు ఫోన్ చేశాను. వాళ్ళ ముందు మిమ్మల్ని వంగనివ్వకుండా ఉండాల్సింది. తప్పు నాది."

తప్పు కూడా వాడే తీసుకుంటున్నాడు. ముక్కు మేస్త్రికి ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. చెయ్యి తుడుచుకుంటూ కూర్చుండిపోయాడు.

చిన్నల్లుడు కారు పైకెత్తి, గొట్టాల్లో ఉన్న పెట్రోలంతా ఒక ఖాళీ క్యానులోకి వంపేసి, పొగ మిషను తగిలించాడు. కాసేపటికి ట్యాంకుకీ బొగ్గు డబ్బాకీ మధ్యనున్న గొట్టం వంపులోంచి తెల్లటి పొగ సన్నగా పైకి లేచింది. గొట్టం చీలింది. బొగ్గు డబ్బా విప్పి ఊపితే లోపల నీళ్ళు కదిలినట్టు పెట్రోలు చప్పుడైంది.

"ఆవిరి ఉండాల్సిన డబ్బాలోకి పెట్రోలెలా వచ్చిందో నాకు అర్థం కావట్లేదు," అన్నాడు చిన్నల్లుడు.

అది ముక్కు మేస్త్రికి అర్థమైంది. బంకులో పైపు టక్కుమని ఆగినా మామగారు ఊరుకోడు. బస్సు నడిపిన రోజుల అలవాటు. మధ్యలో ఆగకుండా ఉండాలని కారు పట్టుకుని ఊపి, గాలి పోగొట్టి, మూతి దాకా పోయిస్తాడు. ట్యాంకు సగానికి వస్తే ఆయనకి నిద్ర పట్టదు. ముక్కు మేస్త్రి ఆ సంగతి చెప్పాడు.

"అందుకా లైటు వచ్చి పోతోంది," అన్నాడు చిన్నల్లుడు. "ట్యాంకు నిండుగా ఉంటే కంప్యూటర్ లీకు పరీక్ష చెయ్యదు అన్నయ్యా. ఎప్పుడో ఒకసారి కాస్త తగ్గినప్పుడు చేస్తుంది, లైటు వెలుగుతుంది. మీరు ఆర్పిన వెంటనే మామయ్య మళ్ళీ నింపేస్తున్నారు."

తను మార్చిన మూత, వాల్వు, సెన్సర్ అన్నీ ముక్కు మేస్త్రి కళ్ళ ముందు మెదిలాయి. అతను తల ఊపాడు. ఇద్దరూ కలిసి గొట్టం, డబ్బా మార్చారు. పనిలో వాడి చెయ్యి శుభ్రంగా ఉందని ముక్కు మేస్త్రి గమనించాడు, గమనించినందుకు మళ్ళీ కుళ్ళుకున్నాడు.

మామగారూ అత్తగారూ బయటికి రాగానే చిన్నల్లుడు గొట్టం చూపిస్తూ, "లీకు అన్నయ్యే పట్టారు మామయ్యా. మీరు మూతి దాకా పోయించడం వల్లేనని కూడా అన్నయ్యే చెప్పారు," అన్నాడు.

"మరి ముక్కంటే ఏమనుకున్నావు," అన్నాడు మామగారు గర్వంగా.

ముక్కు మేస్త్రికి అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి లేదు. ఇంతకాలం తన పేరు తనది. ఇప్పుడు ఆ పేరు తోడల్లుడు దయతలచి చేతిలో పెట్టాడు. ఇకమీదట ఎవరు ముక్కు అని పిలిచినా, వీడు పక్కన నిలబడి అలాగే మెత్తగా నవ్వుతుంటాడు.

అత్తగారు మాత్రం గొట్టం వంకే చూస్తోంది. "అయితే అల్లుడూ, నాకొచ్చిన వాసన నిజమేనా?" అంది. ఆమె చేతి సంచీలోంచి చుక్కల మందు సీసా మూత బయటికి కనబడుతోంది.

చిన్నల్లుడు ఏదో చెప్పబోయాడు. ఈసారి వీడికి ఆ అవకాశం ఇవ్వకూడదనుకున్నాడు ముక్కు మేస్త్రి. అతని చేత నిజం చెప్పించింది మంచితనమో, ఆ పంతమో ఇప్పటికీ తేల్చి చెప్పలేం.

"నిజమేనత్తయ్యా. మీ ముక్కు బంగారం లాంటిది. ఆ చుక్కలు పారెయ్యండి. పోయింది నా ముక్కు. ఆ జ్వరంతోనే పోయింది."

మామగారి మొహం ఎలా మారుతుందోనని ఇన్నాళ్ళూ భయపడ్డాడు కదా, తీరా చూసే ధైర్యం లేక ముక్కు మేస్త్రి నేల చూశాడు. పలకల మీద తన మోకాలి మచ్చ ఉంది. అత్తగారు వచ్చి అతని తడి చొక్కా చెయ్యి పైకి మడిచింది. "ఇది పెట్రోలు వాసనొస్తోంది, విప్పెయ్ నాయనా," అంది. మామగారు కారెక్కుతూ, "సరే పద ముక్కూ, ఇంటి దగ్గర దింపుతాను," అన్నాడు. ఆయనకి వేరే పేరు అలవాటు లేదు.

ఇంటికెళ్ళి అతను చెప్పిందంతా భార్య నిలబడే విన్నది.

"అయితే ఇన్నాళ్ళూ మాడినవన్నీ మాట్లాడకుండా తిన్నది మంచితనం కాదన్నమాట," అంది చివరికి.

"కాదు."

"మా అమ్మకి తెలుసు, నాన్నకి తెలుసు. అందరికంటే ముందు మా చెల్లెలి మొగుడికి తెలిసింది. పక్కన పడుకునేదాన్ని, నాకు ఆఖరున తెలియాలి."

ఆ గొంతులో మండుతున్నదేమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. దానితో అతను చాలా కాలంగా కాపురం చేస్తున్నాడు. వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు.

మర్నాడు షెడ్డు తెరిచేసరికి ఆమె కూడా వచ్చింది. "వాసనలు ఇక నేను చెప్తాను. మీరు ఇంకొకళ్ళని అడగడానికి వీల్లేదు," అంది. మొదటి కారు రాగానే చెంగు నడుముకి చెక్కి, సైలెన్సర్ వెనక మొగుడిలాగే గొంతుకూర్చుని, కళ్ళు మూసుకుంది. కారు తెచ్చినతను విచిత్రంగా చూశాడు.

"ఏదో తియ్యగా వస్తోందండీ," అంది.

ముక్కు మేస్త్రికి తన పెళ్ళి కుదిర్చిన పొగ గుర్తొచ్చింది. తరువాత వెళ్ళి గాస్కెట్ పోయిందని కారతనికి చెప్పాడు. వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఇంకా అక్కడే కూర్చుని, ఆ తీపి మళ్ళీ మళ్ళీ పీలుస్తోంది. ఆ పూట అతను తోడల్లుడి మీద కాకుండా పెళ్ళాం మీద కుళ్ళుకున్నాడు.